కవ్వం సుడిలో ప్రాణదీపం

పొద్దు పడమటి కొండలకు బారెడెత్తున నిలబడి ఉంది. ఆ వెలుగు పడి ఘోషిణీ నది కరిగించిన రాగిలా మెరుస్తోంది. రెండు గట్లనా రెల్లు దుబ్బులు తెల్లటి తురాయిలు ఊపుతున్నాయి. కొంగల బారు ఒకటి నీటికి ఆనీ ఆననట్టు ఎగిరిపోతోంది. ఆవలి ఒడ్డున, నిట్టనిలువుగా లేచిన నల్లటి కొండ నెత్తిన, కంచుకోట బురుజులు కిరీటానికి పొదిగిన కెంపుల్లా తళతళలాడుతున్నాయి. ఆ సాయంత్రాన్ని ఎవరైనా గట్టున కూర్చుని చూస్తే, లోకంలో కష్టమనేదే లేదనుకుంటారు.

నది మధ్యలో పుట్టి నడుపుతున్న సింగనకు మాత్రం ఆ అందం చూసే తీరిక లేదు.

వెదురు బద్దలల్లి ఎద్దుతోలు కప్పిన గుండ్రటి పుట్టి అది. అందులో ముగ్గురున్నారు. తెడ్డు పట్టుకుని నిలబడినవాడు సింగన. అతనికి ఎదురుగా తలపాగా చుట్టుకుని, మెడలో వేళ్ళూ మూలికలూ దండగా వేసుకుని, పక్కన మూలికల మూట పెట్టుకుని కూర్చున్న మందులమ్మే కుర్రవాడు నిజానికి కుర్రవాడు కాదు. హంసావతీ రాజ్యానికి ఏకైక రాకుమారి హేమరేఖ. వాళ్ళిద్దరి నడుమ, పుట్టి అంచును రెండు చేతులా వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న బుర్రమీసాల పెద్దమనిషి దండనాయకుడు వీరబసవడు.

"సింగా, ఇది ఇట్టా ఊగుతోందేంట్రా?" అన్నాడు వీరబసవడు కళ్ళు తెరవకుండానే.

"పుట్టి కదా దొరా, ఊగుద్ది. ఊగకుండా ఉంటే దాన్ని అరుగంటారు."

"నేను ఏనుగుల మీదెక్కి యుద్ధాలు చేసినోణ్ణి. నాతోనా ఎకసెక్కాలు?"

"ఇదీ ఏనుగే అనుకోండి. కాకపోతే కింద కాళ్ళు లేవు, అంతే తేడా."

హేమరేఖ పెదవులు కాస్త విచ్చుకున్నాయి. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె శాలువా చాటున, రెండు అరచేతుల మధ్య, ఒక మట్టి ప్రమిద ఉంది. అందులో చిటికెన వేలి గోరంత మంట వెలుగుతోంది. అది ఆమె తండ్రి ధవళకీర్తి మహారాజు ప్రాణం.

జటాఘోరుడనే మాంత్రికుడు వైద్యుడి వేషంలో కోటలో చేరి, మహారాజు ప్రాణాన్ని లాగి ఈ ప్రమిదలో నిలిపాడు. రాజు శరీరం కోటలోని హంసతూలికా తల్పం మీద ఊపిరాడుతూ పడి ఉంది. ప్రమిదను తన గుహలో దాచి, అందులో చమురు అయిపోయేనాటికి సింహాసనం ఎక్కాలని ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ చమురు ఇవాళ పొద్దు గుంకేదాకానే వస్తుంది. రాతిసర్పాలు కాపలా ఉన్న ఆ గుహలో దూరి, సర్పాల కోరల మధ్యనుంచి ప్రమిదను ఈ ముగ్గురూ తెల్లవారుతూనే ఎత్తుకొచ్చారు. పొద్దు గుంకేలోగా దీన్ని రాజు తలాపున పెడితే ప్రాణం తిరిగి దేహంలో చేరుతుంది. దారిలో ఆరిందా, అక్కడ రాజు ఊపిరి ఆగిపోతుంది.

సింగనకు ఇంకో దిగులు కూడా ఉంది. రాజు కన్నుమూస్తే ఆయనకు సేవ చేస్తున్న పరిచారకులంతా ఆయనతోపాటే చితి ఎక్కాలని జటాఘోరుడు రాజు పేరుతో శాసనం చేశాడు. రాజుకు వింజామర వీచడానికి పోయిన అమావాస్యనాడు రేవులోంచి పట్టుకుపోయిన ఆడవాళ్ళలో సింగన పెళ్ళాం చిలకమ్మ ఉంది. రాకుమారి చేతుల్లో మంట వణికినప్పుడల్లా సింగన గుండెలో ఎవరో చెయ్యి పెట్టి పిసికినట్టవుతోంది.

"సింగన్నా, రేవు ఎంత దూరం?" అంది హేమరేఖ.

"అదిగో ఆ తెల్లమెట్లేనమ్మాయిగారూ. ఇంకో నాలుగు తెడ్లు..."

మాట పూర్తి కాలేదు. ఆకాశం మీద ఎవరో నల్ల దుప్పటి పరిచినట్టయింది. తలెత్తి చూస్తే గద్దలు. ఈకలూ మాంసమూ లేకుండా ఒట్టి ఎముకలతో కట్టిన గద్దలు, రెక్కలు టకటకలాడించుకుంటూ గుంపుగా దిగుతున్నాయి. వాటి కళ్ళగుంటల్లో నీలిరంగు నిప్పు రగులుతోంది.

"దొరా, కళ్ళు తెరవండి. మీకు తెలిసిన యుద్ధమే వచ్చింది," అన్నాడు సింగన.

వీరబసవడు కళ్ళు తెరిచాడు. గద్దల్ని చూసేసరికి ఆయన ముఖంలో ఊరట కనిపించింది. "హమ్మయ్య, నీళ్ళు కావు కదా," అని ఒక చేత్తో పుట్టి అంచు వదలకుండానే రెండో చేత్తో కత్తి దూశాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కత్తి గిరగిరా తిప్పుతుంటే ఎముకలు పుల్లల్లా విరిగి నీళ్ళలో రాలాయి. అయినా ఒకటి పడితే దాని వెనక పది. ఒక గద్ద హేమరేఖ తలపాగాను తన్నుకుపోయింది. ఆమె నల్లటి జడ విడివడి గాలిలో చెదిరింది. ఆమె మాత్రం వంగి, తన వీపునే గొడుగు చేసి, ప్రమిదను కాచుకుంది.

గద్దలు పుట్టిని ముంచాలని చూడడం లేదు. ఒక పక్కనుంచే రెక్కలతో కొడుతూ దిగువకి తోస్తున్నాయి. ఆ సంగతి సింగనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి రేవు మెట్లు వెనకపడ్డాయి. నీటి చప్పుడు మారింది. చల్ల చిలుకుతున్నప్పుడు కుండలోంచి వచ్చే చప్పుడు అది. కాకపోతే ఆ కుండ ఊరంత ఉండాలి.

సింగన మెడ తిప్పి దిగువకి చూశాడు.

"ఏంటా మోత?" అన్నాడు వీరబసవడు.

"కవ్వం సుడి దొరా," అన్నాడు సింగన. తెడ్డును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

ఘోషిణీ నది మీద బతికే పుట్టివాళ్ళకి ఆ సుడి చిన్నప్పటినుంచీ తెలుసు. దాని దగ్గర వాళ్ళకొక ఆచారం ఉంది. పుట్టి సుడిలో పడిందంటే తెడ్డు వెయ్యకూడదు. తెడ్డు ఎత్తి అడుగున పడుకోబెట్టి, పుట్టిలో ఉన్నవాళ్ళంతా నడిమికి జరిగి, ఒకరి భుజాలొకరు పట్టుకుని కూర్చోవాలి. అప్పుడు ముసలాళ్ళు నేర్పిన మాట అనుకోవాలి. "ఏలినవాడా, పుట్టి నీది, నీరు నీది, మేమూ నీవాళ్ళమే." కొండ మీద ఉండే తమ దేవుణ్ణి వాళ్ళు అలాగే పిలుస్తారు. సింహాసనం మీద రాజులు మారుతుంటారు, సుడిలో ఏలేవాడు ఒక్కడే అని వాళ్ళ లెక్క.

సింగనకు ఆ మాట నేర్పింది వాళ్ళ నాన్న పోలయ్య. చేతికి తెడ్డు ఇచ్చిన రోజునే, వేళ్ళ కణుపుల మీద మెల్లగా కొడుతూ మరీ నేర్పాడు. ఆ పోలయ్యే ఒక వరదలో ఈ కవ్వంలోనే పోయాడు. ఇసుకతిప్ప మీద దొరికిన ఆయన ముఖం మధ్యాహ్నం కునుకు తీసినవాడి ముఖంలా ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఉన్నాయి. పిడి దగ్గర హంస చెక్కిన ఆయన తెడ్డు మాత్రం దొరకలేదు. అందరూ ఎంత పుణ్యమరణమో అన్నారు. సింగనకు ఒళ్ళు మండింది. అంత నెమ్మదిగా చేతులు కట్టుకునే బదులు ఆ తెడ్డేదో గట్టిగా వేసుంటే ఈపాటికి ఇంట్లో కూర్చుని గంజి తాగుతుండేవాడు కదా అనుకున్నాడు. ఆ రోజునుంచి కవ్వం ఛాయలకు పోలేదు. తెడ్డు దించే మాట ఎవరెత్తినా లేచి పోయేవాడు.

ఇప్పుడా కవ్వమే నోరు తెరుచుకుని ఎదురొచ్చింది.

పుట్టి ఒక్క ఉదుటున సుడి అంచులోకి జారింది. గద్దలు తమ పని అయిపోయినట్టు పైకి లేచి, గుండ్రంగా తిరుగుతూ చూడసాగాయి. సింగన పళ్ళు బిగించి తెడ్డు వేశాడు. బలంకొద్దీ వేశాడు. జబ్బలు తాళ్ళలా పొంగాయి. వేసిన ప్రతి తెడ్డుకీ పుట్టి ఒక పక్కకి ఒరుగుతోంది. ఒరిగిన పక్కనుంచి నీళ్ళు లోపలికి దూకుతున్నాయి. వీరబసవడు శిరస్త్రాణం తీసి నీళ్ళు తోడి పొయ్యడం మొదలుపెట్టాడు.

"తల్లీ, దీపం?" అన్నాడాయన.

"ఉంది తాతా. కానీ సన్నబడుతోంది," అంది హేమరేఖ. మంట ఆవగింజంతై నీలిరంగుకు తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడు, సుడికి అటువైపు నీళ్ళలోంచి లేచిన ఏనుగుబండ మీద ఒక మనిషి కనిపించాడు. నీళ్ళు కారే గోచీ, భుజాన తుండుగుడ్డ, ఎడమ కనుబొమ్మ మీద గాలం గుచ్చుకున్న పాత మచ్చ.

సింగన చేతులు ఆగిపోయాయి. "అయ్యా," అన్నాడు గాలిలా.

"ఒరే సింగా," అని కేకేశాడు పోలయ్య. అదే బొంగురు గొంతు. "ఏం చూత్తన్నావురా? తెడ్డెయ్యి. ఎడం పక్కన గట్టిగా ఎయ్యి. నేను చేతులు ముడుచుకుని పోయాను. నువ్వన్నా బతకరా నాయనా. ఎయ్యి, ఇంకా గట్టిగా ఎయ్యి."

ఎన్నాళ్ళుగానో సింగన తన తండ్రి నోట వినాలనుకున్న మాట అదే. కళ్ళు నీళ్ళతో నిండాయి. తెడ్డు ఎడమ పక్కకి మార్చి ప్రాణం పెట్టి వేశాడు. పుట్టి పూర్తిగా ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు చీలమండల దాకా ఎగిశాయి. హేమరేఖ కెవ్వుమని ప్రమిదను తల పైకెత్తింది.

"ఇంకోటి ఎయ్యి," అంటున్నాడు బండ మీద మనిషి.

సింగన తెడ్డు ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

వేళ్ళ కణుపులు చురుక్కుమన్నాయి. చిన్నప్పుడు తగిలిన దెబ్బలు ఇప్పుడు తగిలినట్టు చురుక్కుమన్నాయి. కవ్వం ఎదుట నిలబడి తెడ్డెయ్యమనే పోలయ్య ఎక్కడున్నాడు? ఒంట్లో ప్రాణమున్నా లేకపోయినా, ఆ మనిషి నోట ఆ మాట వస్తుందా? ఏ పుట్టివాడి నోటైనా వస్తుందా? గాలం మచ్చ తెచ్చాడు, బొంగురు గొంతు తెచ్చాడు, తుండుగుడ్డ కూడా మర్చిపోలేదు. పుట్టివాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి పాలతో పాటు పట్టే సంగతి ఒక్కటే కొండగుహలో పెరిగినవాడికి తెలియకుండా పోయింది.

సింగనకు నవ్వొచ్చింది. నడి సుడిలో, చీలమండలోతు నీళ్ళలో, పెద్దగా నవ్వాడు.

"జటాఘోరా, మా అయ్య ముఖం బాగానే తగిలించుకున్నావు. పుట్టి ఎక్కడం కూడా నేర్చుకుని రావలసింది."

బండ మీద మనిషి ముఖం మైనంలా కరిగింది. మచ్చ జారింది. గోచీ స్థానంలో పులితోలు, తుండుగుడ్డ స్థానంలో పుర్రెల దండ, నడుము దాకా వేలాడే జడలు. జటాఘోరుడు పళ్ళు నూరాడు.

"తెలిస్తే మాత్రం ఏం చేస్తావు రా? తెడ్డు దించితే మీ అయ్యలాగే పోతావు. ఆయన దించాడు. ఏలినవాడు వచ్చి పట్టుకున్నాడా?"

ఇన్నేళ్ళూ సింగన తనను తాను అడుక్కున్న ప్రశ్నే అది. ఆ మాటే ఇవాళ శత్రువు నోట వినేసరికి, దాని పస ఎంతో అతనికి తెలిసిపోయింది. ఇసుకతిప్ప మీది ఆ ముఖం గుర్తొచ్చింది. సుడి నడిమధ్యలో, ఇక ఒడ్డు చేరనని తెలిసిన ఘడియలో కూడా ఆ మనిషికి కునుకు పట్టేంత నెమ్మది దొరికింది. బతికి ఒడ్డున ఉన్న తనకు ఒక్కరోజైనా దొరికిందా అది?

"పట్టుకోకపోతే ఆ ముఖం ఎట్టా వచ్చుద్దిరా?" అన్నాడు సింగన నెమ్మదిగా.

తెడ్డు దించి పుట్టి అడుగున పడుకోబెట్టాడు. సుడి కెరటం దాన్ని కూడా ఓర్వలేక లాక్కుపోయింది. పోతే పోనీ అనుకున్నాడు.

"అమ్మాయిగారూ, దొరా, ఇద్దరూ నడిమికి రండి. భుజాలు పట్టుకోండి. దీపం మధ్యలో పెట్టండి."

"దీపాన్ని వదలమంటావా?" అంది హేమరేఖ. "గుహనుంచి ఇక్కడిదాకా చేతుల్లోంచి దించలేదు సింగన్నా. దించితే ఆరిపోతుందేమో."

"మీరు పట్టుకునే ఉన్నారుగా, సన్నబడతానే ఉంది. అది మన చేతుల వల్ల వెలిగేది కాదమ్మా. నా పెళ్ళాం ప్రాణం కూడా దాని మీదే ఉంది. తెలిసే చెబుతున్నా."

హేమరేఖ అతని ముఖంలోకి చూసింది. తరవాత తన అరచేతులు చూసుకుంది. సెగ తగిలి బొబ్బలెక్కి ఉన్నాయి. మెల్లగా వంగి, తన మూలికల మూట మీద ప్రమిదను ఆనించి, చేతులు వెనక్కి తీసుకుంది. ముగ్గురూ ఒకరి భుజాలొకరు పట్టుకుని, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా కూర్చున్నారు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు వీరబసవడు.

"ఏం లేదు దొరా. ఇక పని మనది కాదు."

"ఈ ముక్క ముందే చెబితే పొద్దుటినుంచీ ఇంత భయపడేవాణ్ణి కాదు గదరా," అని ముసలాయన గొణిగాడు.

"ఏలినవాడా, పుట్టి నీది, నీరు నీది, మేమూ నీవాళ్ళమే," అన్నాడు సింగన. ఆ మాట అంటుంటే అతని ఛాతీ మీదనుంచి ఎవరో బరువైన బండ ఒకటి దొర్లించి పడేసినట్టయింది. చాన్నాళ్ళకు కడుపు నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

బరువు నడిమికి చేరేసరికి పుట్టి ఒరగడం మానేసింది. కుమ్మరి సారె మీది కుండలా నిలువుగా తిరుగుతూ లోపలికి, ఇంకా లోపలికి దిగింది. చుట్టూ నీటిగోడలు పచ్చటి అద్దంలా లేచాయి. పడమటి పొద్దు వాటిలోంచి దూరి, ఇంద్రధనుస్సులు ముక్కలు ముక్కలుగా రాలుతున్నాయి. మోత పైనెక్కడో ఉండిపోయింది. ఆ అడుగున గాలి లేదు. చెవులు కూడా గమ్మున ఊరుకున్నాయి.

"తాతా, చూడు," అంది హేమరేఖ గుసగుసగా.

ప్రమిదలో మంట లేచి నిలబడింది. ఆవగింజంత ఉన్నది బొటనవేలంత అయి, గర్భగుడిలో దీపంలా, పసుపుపచ్చగా, కదలకుండా నిలబడింది. చేతులు అడ్డం పెట్టినంతసేపూ వణికిన మంట, ఏ చెయ్యీ లేని చోట నిబ్బరంగా వెలుగుతోంది. రాకుమారి ఏడుస్తూ నవ్వింది. వీరబసవడు రెండు కళ్ళూ తెరిచి, అంచు మీదుగా నీళ్ళలోకి తొంగిచూశాడు.

తరవాత కవ్వం తన దారిన తాను వాళ్ళను విసిరేసింది. ఆ విసురుకు పుట్టి నీటి మీద తేలిపోతూ సూటిగా కోటకొండ కేసి దూసుకుపోయింది. బండ మీద జటాఘోరుడు నవ్వబోయాడు. రాతి గోడకు తగిలి పుట్టి పిండవుతుందనుకున్నాడు. రాయి తగలవలసిన చోట రాయి లేదు. పైనుంచి వేలాడే తీగల తెర ఉంది. పుట్టి ఆ తెరను చీల్చుకుని, దాని వెనక నోరు తెరిచిన చల్లటి సొరంగంలోకి దూరింది. తెడ్డేసి ఆ కొండదాపుకు ఏ పుట్టివాడూ రాలేడు. కవ్వమే విసరాలి.

సొరంగం నిండా ప్రాణదీపం వెలుగు పరుచుకుంది. పుట్టిని నీరే మెల్లగా మోసుకుపోయింది. చివర ఇనుప కటకటాల తలుపు, కొండను తొలిచి కోటలోకి ఎక్కే రాతిమెట్లు కనిపించాయి. అంతఃపురంలో వాడిన పూలు పారబోసుకునే నీటివాకిలి అది. అటునుంచి మనిషి వస్తాడని ఎవరూ అనుకోలేదు కాబట్టి కాపలా లేదు.

మెట్ల మీద ఒక ఆడమనిషి కొంగు బొడ్లో దోపుకుని, పాచి పట్టిన పూలను ఒక కర్రతో నీళ్ళలోకి నెడుతోంది. దీపం వెలుగు చూసి తలెత్తింది.

సింగన పుట్టిలో లేచి నిలబడ్డాడు.

"రోజూ పొద్దు గుంకాక ఇంటికొచ్చే మనిషివి," అంది చిలకమ్మ, "ఇవాళ ఇంకా వెలుతురుండగానే వచ్చావే." ఆపైన కటకటాల గడియ లాగి, మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

సింగన ఒక్క గంతులో మెట్టు మీదున్నాడు. ఆమె తల నిమిరాడు. అప్పుడు చూశాడు ఆమె చేతిలోని కర్రను. పిడి దగ్గర హంస చెక్కి ఉంది.

"ఇది అయ్య తెడ్డు."

"అవును. నన్ను ఇక్కడికి తెచ్చినరోజే ఈ కటకటాలకి అడ్డం పడి కనిపించింది," అంది చిలకమ్మ కళ్ళు తుడుచుకుని. "మామ తెడ్డు ఏ దారిన వచ్చిందో ఆ దారి నీకూ ఉంటదనుకున్నా. అందుకే రోజూ ఈ పూల పని నేనే అడిగి చేత్తన్నా. ఏలినవాడు తెడ్డునే మర్చిపోలేదు, నిన్ను మర్చిపోతాడా?"

హేమరేఖ ప్రమిదతో మెట్లెక్కింది. "మా నాన్న?"

"పైన, ఎడమ పక్క గదిలోనే తల్లీ. ఊపిరుంది. త్వరగా పదండి, పొద్దు..."

ఆమె ఆగిపోయింది. మెట్ల పైనుంచి పావుకోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. టక్, టక్. మామూలు మనిషి నడకలా తీరిగ్గా లేదు. నదిలోని బండ మీదనుంచి మాయతో కోటలో వాలి, తనకు తెలియని దారి ఒకటి తన కోటలోనే ఉందని ఇప్పుడే తెలుసుకున్నవాడి నడక అది. గోడ మీద జడల నీడ పొడుగ్గా దిగుతోంది.

వీరబసవడు మీసం దువ్వుకున్నాడు. "నేల మీదున్నాను సింగా. ఇక ఎవడొచ్చినా నాకు భయం లేదు."

సింగన రాకుమారిని చిలకమ్మ వెనక్కి జరిపాడు. మంట ఇంకా నిటారుగానే ఉంది. అతని గుండె కూడా అలాగే ఉంది. తండ్రి నేర్పిన దాంట్లో రెండో సగం కూడా అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. సుడిలో దించిన తెడ్డు, సుడి దాటాక మళ్ళీ చేత పట్టాలి.

"అది ఇట్టా ఇయ్యి చిలకా," అన్నాడు.

హంస చెక్కిన పిడి అతని అరచేతిలో సరిగ్గా ఒదిగింది. తెడ్డు భుజాన వేసుకుని, పావుకోళ్ళ చప్పుడుకు ఎదురుగా మెట్లెక్కసాగాడు.